మునిగినవాళ్ళకి ఈత నేర్పిన తోర్ఫి

"ఊళ్ళోవాళ్ళకి నేర్పడం కూడా ఒక పనేనా?" అన్నాడు తోర్ఫి, వేడినీళ్ళలో గడ్డందాకా జారుతూ. "ఒకప్పుడు నేనొక మనిషికి వారం తిరక్కుండా ఈత నేర్పి, వాణ్ణే ఈ కొలనుకి లైఫ్‌గార్డుగా కూర్చోబెట్టాను. గొప్ప కోసం చెప్పట్లేదు. అడిగారు కాబట్టి చెబుతున్నా."

అతన్ని ఎవరూ అడగలేదు. అడిగింది సాల్వోర్, అదీ అతన్ని కాదు, తొట్టిలో ఉన్న అందర్నీ కలిపి అడిగింది. "దక్షిణం నించి లైఫ్‌గార్డు పని నేర్పే శిక్షకురాలు వస్తానంటోంది. మన ఊరివాళ్ళు కనీసం నలుగురు నేర్చుకోవడానికి కూర్చుంటేనే వస్తుందట. మీలో ఎవరన్నా వస్తారా?" అంది. ఆ మాట ఆవిరిలో కలిసిపోయింది. తలా ఒక పక్కకి చూశారు. ఆ ఖాళీలోకి తోర్ఫి గొంతు దూరింది.

కల్దవీక్ అనే ఈ ఉత్తరపు చేపల ఊళ్ళో రచ్చబండ అంటే ఈ వేడితొట్టే. చేపల ఫ్యాక్టరీలో పని దిగగానే జనం తువ్వాలు చంకన పెట్టుకుని తిన్నగా ఇక్కడికొస్తారు. పక్కనే పెద్ద ఈతకొలను, అదీ వేడినీళ్ళదే, దాని అవతల గోడ, గోడకి అవతల సముద్రం. రెండు కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సన్నటి పాయ అది. డిసెంబరులో మధ్యాహ్నం కాఫీ వేళకే చీకటి పడిపోతుంది. మంచు మెత్తగా, చప్పుడు లేకుండా పడుతుంటే, మెడదాకా మునిగి కూర్చున్నవాళ్ళ జుట్టు తెల్లబడుతూ ఉంటుంది.

సాల్వోర్ మాత్రం దళసరి కోటు వేసుకుని తొట్టి గట్టు పక్కనే నిలబడి ఉంది. ఈ కొలనుకి మిగిలిన ఒకే ఒక లైఫ్‌గార్డు ఆవిడ. రెండోవాడు, రాజధాని నించి వచ్చిన కుర్రాడు, మొదటి మంచుకే మూటాముల్లె సర్దుకుని పోయాడు. అంతకుముందు వచ్చినవాళ్ళూ అంతే. వేసవిలో వాలిన పిట్టల్లా వచ్చారు, చలిగాలి తగలగానే ఎగిరిపోయారు. కాపలా మనిషి లేకుండా కొలను తెరవకూడదు. ఆవిడకి ఒంట్లో బాగాలేకపోతే ఆ రోజుకి తాళం. వసంతానికల్లా ఇంకెవరూ దొరక్కపోతే తాళం శాశ్వతంగా వేసేస్తామని కౌన్సిలువాళ్ళు తేల్చి చెప్పేశారు. పిల్లలు ఈత నేర్చుకోవాలంటే కొండదారి దాటి పోవాలి. చలికాలమంతా ఆ దారి మంచు కింద ఉంటుంది.

"ఎవరా మనిషి?" అంది గ్రోవా. ఊళ్ళో ఉన్న ఒక్క కిరాణాకొట్టూ ఆవిడదే. ఎవరింట్లో ఏం వండుతున్నారో ఆవిడకి తెలియంది లేదు. "నువ్వు నేర్పిన మనిషి నాకు తెలియకుండా ఉంటాడా?"

"నీకు తెలియదు గ్రోవా. వాడు నీ కొట్లో ఏమీ కొనలేదు."

తోర్ఫి ఫ్యాక్టరీలో ఐసు మిషను చూస్తాడు. ఏనుగులాంటి ఒళ్ళు, గంటలాంటి గొంతు. ఇరవై ఏళ్ళుగా రోజూ ఈ తొట్టిలో అదే మూల కూర్చుంటాడు. అతని మాటలు కోటలు దాటుతాయని ఊరందరికీ తెలుసు. అయినా అతను రాని రోజున తొట్టిలో నీళ్ళు కాస్త చల్లగా ఉన్నట్టే ఉంటుంది.

"పెద్ద మంచు పడిన ఏడాది గుర్తుందా? అప్పుడీ కొలను పంపు నేనే చూసేవాణ్ణి. దక్షిణం నించి వచ్చిన గార్డు ఇలాగే పారిపోయాడు. 'ఇక్కడివాళ్ళనే ఎవర్నన్నా తయారు చెయ్యి తోర్ఫీ' అంది అప్పటి కౌన్సిలు పెద్ద. నేను ఇల్లిల్లూ తిరిగాను. సగం మంది సముద్రం మీద, సగం మంది రాజధానికి పెట్టెలు సర్దుకుంటూ. ఎవడికి నేర్పినా ఏం లాభం, నేర్చుకున్న మర్నాడే బస్సెక్కుతాడు. అప్పుడు ఈ గోడ దగ్గర నిలబడి ఆలోచించాను. ఏమాలోచించానో తెలుసా? ఈ ఊరు వదిలి ఎప్పటికీ వెళ్ళనివాళ్ళు ఎవరా అని."

"నువ్వే," అంది గ్రోవా.

నవ్వులు. తోర్ఫి నవ్వులు అయిపోయేదాకా ఆగాడు. ఆ ఆగడం అతనికి బాగా తెలుసు.

"నేను కాక. మునిగినవాళ్ళు."

నీళ్ళలో ఎవరో కాలు కదిపారు. సాల్వోర్ చూపు తనకి తెలియకుండానే పెద్ద కొలను లోతువైపు పోయింది. అక్కడి దీపం ఆరిపోయి చాలా రోజులైంది. ఆ చివర నీళ్ళు నల్లగా, తారు పోసినట్టు ఉన్నాయి.

"ఈ పాయలో ఎన్ని తరాల మనుషులు పడి ఉన్నారో మీకు తెలియదా? మన తాతలకి ఈత రాదు. పడవ బోల్తా పడితే అంతే. వాళ్ళు ఎక్కడికీ పోరు, జీతం పెంచమనరు, మంచుకి భయపడరు. సరే అని గోడ మీదికి వంగి, 'ఎవడికన్నా పని కావాలా?' అని ఒక్క కేక వేశాను. అంతే. మర్నాడు మధ్యాహ్నం, ఇలాగే మంచు, ఇలాగే చీకటి. పంపు గదిలో ఉన్నాను. సముద్రం వైపు చిన్న తలుపొకటుంది చూశారూ, రాళ్ళలోకి తెరుచుకుంటుంది, ఎవరూ వాడరు. ఆ తలుపు కొట్టిన చప్పుడైంది. మనుషులు కొట్టేచోట కాదు. కింద, గడప దగ్గర. పడుకుని ఉన్నవాడు కొట్టినట్టు."

"తీశావా?" అంది బోగ్నా.

బోగ్నా పోలండు మనిషి. చేపలు కోసే వరసలో పనిచేస్తుంది. ఈ ఊరొచ్చి పదేళ్ళు దాటినా అందరూ ఆవిణ్ణి ఇంకా కొత్తగా వచ్చినావిడ అనే అంటారు. వేళాకోళమేదో నిజమేదో ఈ భాషలో తనకి వెంటనే తెలియదు కాబట్టి, అన్నీ నిజమే అన్నట్టు వింటుంది. సాల్వోర్‌కి ఆశ ఉన్నది కూడా ఆవిడ మీదే. ఆవిడ చేపలా ఈదుతుంది. కానీ అడిగినప్పుడల్లా, నా భాష బాలేదు అని తల దించుకుంటుంది.

"తియ్యకుండా ఉంటానా? తీశాను. తోలు లాగూ, తోలు చొక్కా, మా తాత రోజులనాటివి. మనిషి ముఖం మాత్రం నేను చూడలేదు. వాడు నీళ్ళవైపే చూస్తున్నాడు. 'పనికొచ్చావా' అన్నాను. తల ఊపాడు. 'అయితే ముందు సబ్బుతో ఒళ్ళు రుద్దుకో' అన్నాను."

"చచ్చినవాణ్ణి స్నానం చెయ్యమన్నావా?"

"చచ్చినా బతికినా రూలు రూలే గ్రోవా. ఒళ్ళు కడుక్కోకుండా ఈ కొలనులో దిగనిస్తానా? షవరు కింద నిలబెట్టాను. ఒంటి మీంచి ఇసక కారింది, నాచు కారింది, చిన్న చిన్న ఆల్చిప్పలు టపటపా రాలి కాలవలోకి పోయాయి. మీరు నమ్మరు, మర్నాడు ఆ కాలవ బాగుచేయడానికి నాకు పూటంతా పట్టింది. పైనుంచి వేడినీళ్ళు పడుతున్నాయా, వాడి పాదాల దగ్గరికి వచ్చేసరికి అవే నీళ్ళు గడ్డకట్టేస్తున్నాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కొలను అంచుకి వచ్చి వాడు వణకడం మొదలెట్టాడు. చలికి కాదు. నీళ్ళంటే భయం. ఒకసారి మునిగినవాడికి ఉండే భయం ఇంకెవరికుంటుంది చెప్పండి? పొట్ట కింద చెయ్యి పెట్టి తేల్చాను. తడిసిన తెరచాప ఎత్తినట్టుంది."

సాల్వోర్ కోటు గుండీ పైదాకా పెట్టుకుంది. పిల్లలకి మొదటి పాఠం ఆవిడ చెప్పేది అలాగే. పొట్ట కింద అరచెయ్యి. ఇన్నేళ్ళలో ఎన్ని చిన్న పొట్టలు ఆ చేతి మీద తేలాయో. వాటిలో ఒక్కటి కూడా చల్లగా ఉండదు.

"ఊపిరి ఎలా నేర్పావు?" అంది బోగ్నా, చాలా శ్రద్ధగా. "చనిపోయినవాడికి ఊపిరి ఉండదు కదా."

"అదే కదా వెసులుబాటు. ఊపిరి అక్కర్లేనివాడికి సగం పాఠం తప్పినట్టే. అందుకే వారం తిరక్కుండా వచ్చేసింది. పాఠం అయ్యాక కాఫీ పోసిచ్చేవాణ్ణి. తాగేవాడు కాదు. కప్పు రెండు చేతులా పట్టుకుని కూర్చునేవాడు. కాసేపటికి కాఫీ మీద మంచు పేరుకునేది. అప్పుడు కప్పు కింద పెట్టి వెళ్ళిపోయేవాడు, ఆ చిన్న తలుపులోంచే."

తొట్టికి ఆ మూల కళ్ళు మూసుకుని కూర్చున్న ఓగ్ముండుర్ కాస్త పక్కకి జరిగాడు. ఒకప్పుడు సొంత పడవ నడిపిన మనిషి, ఇప్పుడు డెబ్బై దాటాడు. రోజూ వస్తాడు, ఎవరితోనూ మాట్లాడడు, నీళ్ళు చర్మాన్ని ఎర్రగా చేశాక లేచి వెళ్ళిపోతాడు. నిద్రపోతున్నాడో వింటున్నాడో ఎవరికీ తెలియదు.

"ఇక వినండి," అన్నాడు తోర్ఫి. అతని గొంతు ఇప్పుడు తగ్గింది. తగ్గినకొద్దీ అందరూ దగ్గరికి వంగారు. "మర్నాడు తలుపు తీస్తే, ఒక్కడు కాదు. ఆరు తెడ్ల పడవ మనుషులు, పడవంతా వచ్చారు. వాడు వెళ్ళి చెప్పినట్టున్నాడు. వరసగా నిలబడ్డారు, ఒక్కరూ ముఖం ఇటు తిప్పలేదు. అందరికీ నేర్పాను. ఈత తేలికే, అసలు కష్టం రక్షించడం. అడుగున పడేసిన మనిషి బొమ్మని పైకి తేవాలి కదా సాల్వోర్, పరీక్షలో?"

"తేవాలి," అంది సాల్వోర్.

"వీళ్ళు దిగేవాళ్ళు, బొమ్మని పట్టుకునేవాళ్ళు, ఇంకా కిందికి తీసుకుపోయేవాళ్ళు. పైకిరా బాబూ, పైకి, అంటే వినరు. అలవాటు. ఎన్నాళ్ళనుంచో అటే పోతున్నారు మరి. ఒకరోజు బొమ్మతో సహా దిగినవాళ్ళు దిగినట్టే ఉండిపోయారు. నీళ్ళు అద్దంలా నిలిచిపోయాయి. నేనిక్కడ గట్టు మీద, ఒక్కణ్ణే. అడుగున వాళ్ళందరూ బొమ్మ చుట్టూ కూర్చుని ఉన్నారు. దాని తల నిమురుతున్నారు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. గ్రోవా ఫ్లాస్కులోంచి కాఫీ పోసుకోబోయి ఆగిపోయింది. గోడ అవతల అల ఒకటి రాళ్ళ మీదికి వచ్చి, ఎవరో నిట్టూర్చినట్టు వెనక్కి జారింది.

సాల్వోర్ లోతువైపే చూస్తోంది. ఒంటరిగా ఉన్నప్పుడు ఆ చివర గట్టు తుడవాల్సి వస్తే తను పైకే ఏదో ఒకటి మాట్లాడుతూ తుడుస్తుంది. ఎందుకలా చేస్తుందో ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఏమీ లేదు కూడా. అక్కడ నీళ్ళు ఎవరో ఇప్పుడే మునిగినట్టు చిన్నగా కదులుతుంటాయి. అది పంపు వల్లేనని ఆవిడకి తెలుసు.

"ఎలా పైకి రప్పించావు?" అంది బోగ్నా.

"గోడ దగ్గరికి వెళ్ళి వాళ్ళ పడవ పేరు పిలిచాను. చటుక్కున వచ్చారు. అప్పట్నించీ పైకి తేవడం నేర్చుకున్నారు. ఆ తర్వాత కొలను తెరిచాం. పగలంతా వాళ్ళే కాపలా, వంతుల వారీగా. జనానికి కనపడరనుకోండి. పిల్లలు మాత్రం అనేవాళ్ళు, 'తోర్ఫీ, నీళ్ళలో నా పొట్ట కింద ఎవరిదో చల్లటి చెయ్యి' అని. 'కదలకండి, మీ టీచరే' అనేవాణ్ణి. ఒక్కరు కూడా గుటక నీళ్ళు మింగలేదు ఆ చలికాలమంతా."

"ఇంకా నయం, జీతాలేమన్నా ఇచ్చావా?" అని గ్రోవా తేరుకుంది.

"ఆల్చిప్పలు వాళ్ళ దగ్గరే బోలెడున్నాయి, నా జీతం ఎవడికి కావాలి? అసలు కథ వినండి. ఈ సంగతి సముద్రం అడుగున పాకింది. పక్క పాయ నించి వచ్చారు. దాని పక్క పాయ నించి వచ్చారు. నేనెంతమందికని నేర్పను? మొదటి జట్టునే గురువుల్ని చేశాను. 'పొండి, ఎక్కడివాళ్ళకి అక్కడే నేర్పండి, దక్షిణం నించి ఎవడూ వచ్చి ఉద్ధరించడు' అన్నాను. నేర్చినవాడు పదిమందికి నేర్పాలి, అదీ నా పద్ధతి. పాతకాలంలో మునిగిన ఫ్రెంచి జాలర్లు, ఇంగ్లీషు ట్రాలర్లవాళ్ళు, వాళ్ళ భాష నాకు రాదు, నా భాష వాళ్ళకి రాదు, అయినా నడిచిపోయింది. సీల్ జంతువులు కూడా వచ్చి కూర్చున్నాయి, పంపించేశాను."

"పాపం, అవేం చేశాయి?"

"వాటికి అంతా వచ్చునని పొగరు. పాఠం వినవు. ఇక ఆఖరి పరీక్ష రోజున, ఈ పాయ నించి గ్రీన్‌లాండు దాకా అడుగున వరసగా నిలబడ్డారు, భుజం భుజం ఆనించి. నేను ఈల వేశాను. అంతా కలిసి, యుద్ధంలో మునిగిన పెద్ద ఓడ ఒకటుంటుంది చూశారూ, దాన్ని భుజాల మీదికెత్తుకుని నడిపించుకుంటూ తెచ్చి మన రేవులో పెట్టారు. పొగగొట్టంలోంచి నీళ్ళు కారుతూ."

"ఏదీ ఆ ఓడ? నేనెప్పుడూ చూడలేదే," అంది గ్రోవా.

"తీసినచోటే పెట్టేయమన్నాను. సామాను వాడాక ఎక్కడిదక్కడ పెట్టాలి. అది మొదటి క్రమశిక్షణ."

తొట్టంతా నవ్వింది. బోగ్నా కూడా నవ్వింది, కాస్త ఆలస్యంగా. సాల్వోర్‌కి నవ్వు రాబోయి రాలేదు. తను అడిగిన ప్రశ్న ఈ నవ్వుల కింద ఎక్కడో మునిగిపోయింది. ఇక దాన్ని పైకి తెచ్చేవాళ్ళు లేరు.

తోర్ఫి మాత్రం ఊపులో ఉన్నాడు. తొట్టి అంచుకి రెండు చేతులూ చాపి, మంచులోకి ముఖమెత్తి అన్నాడు. "మీకెందుకు బెంగ? కొలను మూస్తే మూసుకోనీ. నా మనుషులు ఇప్పటికీ అడుగున నిలబడే ఉన్నారు. ఎవడన్నా పడితే పాదాలు పట్టుకుని పైకి తోస్తారు. ఆనాటినించీ ఈ పాయలో ఒక్క మనిషి మునగలేదు. ఒక్కడంటే ఒక్కడు. కావాలంటే ఎవర్నన్నా అడగండి."

"మావాడు మునిగాడు," అన్నాడు ఓగ్ముండుర్.

కళ్ళు తెరవలేదు. గొంతు పెంచలేదు. ఆ గొంతు తొట్టిలో విని ఎన్నాళ్ళయిందో, అది ఎవరి గొంతో పోల్చుకోవడానికే కొందరికి ఒక క్షణం పట్టింది.

తోర్ఫి చేతులు మెల్లగా నీళ్ళలోకి జారాయి. అతనికి తెలియని సంగతి కాదు. ఊళ్ళో తెలియనివాళ్ళెవరు? కథ పరుగు తియ్యడంలో నాలుక తన దారిన తాను పోయింది, మనిషి వెనకబడిపోయాడు.

"ఓగ్ముండుర్, నేను..."

"నీ కథలో ఒకటి నిజం తోర్ఫీ. ఆ చలికాలం గార్డు పారిపోయాడు. మిగతాది కాదు. కొలను తెరవలేదు. వసంతం దాకా తాళమే. ఆ ఏడాది ఈత నేర్చుకోవాల్సిన పిల్లలు నేర్చుకోలేదు. మా అబ్బాయి హావర్దుర్ పడవెక్కింది ఆ వసంతంలోనే." ముసలాయన అరచేత్తో ముఖం మీది మంచు తుడుచుకున్నాడు. "రేవుకి ఎంతో దూరం కూడా లేదు. ఊరంతా గట్టు మీదే ఉన్నాం. నీళ్ళలోంచి వాడు చేతులు ఊపుతుంటే ఊరికే ఊపుతున్నాడనుకున్నాం. కిందనించి తోసినవాళ్ళెవరూ లేరు. నేను చూశాను."

మంచు పడుతోంది. వేడినీళ్ళ మీద పడ్డ ప్రతి రేకూ పడ్డచోటే లేకుండా పోతోంది.

చివరికి ఓగ్ముండురే కళ్ళు తెరిచాడు. సాల్వోర్ వైపు చూశాడు.

"నువ్వడిగావు కదా ఇందాక. వయసుమళ్ళినవాడు పనికొస్తాడా?"

సాల్వోర్ గట్టు అంచున గొంతుక్కూర్చుంది. "అడుగునించి మనిషిని ఎత్తే పరీక్ష మీకు కష్టం, పెద్దాయనా. కానీ ముసలివాళ్ళ చేత నీళ్ళలో వ్యాయామం చేయించడానికీ మనిషి కావాలి. మోకాళ్ళ నొప్పులవాళ్ళు సగం ఊరున్నారు. దానికీ అక్కడే నేర్పుతారు."

"అయితే నేనొకణ్ణి. నాకు ఈత రాదు. ముందు అది నేర్పు."

"నేను కూడా," అంది బోగ్నా. అందరూ తన వైపు తిరిగేసరికి ఎర్రబడింది. "నా భాష... అంత బాలేదు."

"నీళ్ళలో పడ్డవాడు వ్యాకరణం పట్టించుకోడు," అంది గ్రోవా. "నేనూ వస్తా. మధ్యాహ్నం పూట కొట్లో ఈగలు కూడా ఉండవు. ఎంతమందయ్యాం? ఇంకొకరు కావాలి." ఆవిడ తోర్ఫి వైపు తిరిగింది. గొంతులో వెటకారం ఉంది, కానీ ముందున్నంత లేదు. "సముద్రమంతటికీ గురువు ఇక్కడే ఉన్నాడు కదా. ఏం తోర్ఫీ? ఇరవై ఏళ్ళుగా చూస్తున్నా, ఈ తొట్టి దాటి ఆ కొలనులో నువ్వు కాలు పెట్టగా నేను చూడలేదు. నువ్వొచ్చేది మెడదాకానే. తల తడవగా కూడా చూడలేదు."

తోర్ఫి జవాబు చెబుతాడని అందరూ చూశారు. అతను లేచాడు. ఆ భారీ ఒంటి మీంచి నీళ్ళు జలజలా జారాయి. తువ్వాలు భుజాన వేసుకుని, మంచు మీద తడి పాదాల గుర్తులు వదులుతూ లోపలికి వెళ్ళిపోయాడు.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. అతని మూల ఖాళీగా ఉంది, కానీ అందులో ఎవరూ కూర్చోలేదు. జనం చేపల ధరల గురించి కాసేపు మాట్లాడుకుని, మాటల్లేక లేచి వెళ్ళిపోయారు. గ్రోవా రెండుసార్లు, "అంత మాట అనకుండా ఉండాల్సింది," అంది. ఓగ్ముండుర్ మాత్రం, "వస్తాడులే," అన్నాడు.

ఫిబ్రవరిలో కొండ అంచు మీదికి మళ్ళీ సూర్యుడొచ్చిన వారంలోనే శిక్షకురాలు వచ్చింది. నలుగురు దొరుకుతారని చెప్పి రప్పించింది, ఇప్పుడు ముగ్గురే ఉన్నారని చెప్పాలి, ఏమంటుందోనని సాల్వోర్ గుండె చిక్కబట్టుకుని గేటు తీసింది. గేటు బయట శిక్షకురాలి పక్కన తోర్ఫి నిలబడి ఉన్నాడు, చంకలో తువ్వాలు పెట్టుకుని. ముఖం సున్నం కొట్టినట్టుంది. సబ్బుతో ఒళ్ళు రుద్దుకుని, ఓగ్ముండుర్ పక్కన, మోకాలి లోతు నీళ్ళలో నిలబడ్డాడు.

ఆ ఇద్దరికీ పాఠం చెప్పింది సాల్వోరే. పక్కన శిక్షకురాలు బోగ్నాకీ గ్రోవాకీ తాడు విసరడం, గుండె మీద నొక్కడం నేర్పుతుంటే, ఈ చివర ఇద్దరు పెద్ద మగవాళ్ళు నీళ్ళలో ముఖం పెట్టి బుడగలు వదిలేవాళ్ళు. మొదటిసారి తల ముంచినప్పుడు తోర్ఫి పెట్టిన కేకకి గోడ మీద పిట్టలు లేచాయి. ఓగ్ముండుర్ అతని మోచెయ్యి పట్టుకున్నాడు, వదల్లేదు. పొట్ట కింద సాల్వోర్ చెయ్యి పెట్టినప్పుడు తోర్ఫి తడిసిన తెరచాపలాగే ఉన్నాడు. తర్వాత్తర్వాత కాస్త తేలాడు.

లోతు దాటాల్సిన రోజు రానే వచ్చింది. ఎవరికి పాఠం చెప్పాలన్నా ముందు తను లోతులో దూకి పైకి తేలి చూపించాలి. ఓగ్ముండుర్ దూకాడు. ముసలి సీల్ జంతువులా ఊదుకుంటూ అవతలి మెట్లు పట్టుకున్నాడు. అక్కడ కూర్చుని చాలాసేపు నీళ్ళవైపు చూశాడు.

తోర్ఫి అంచున నిలబడ్డాడు. ఎండ కొండ వెనక్కి వెళ్ళిపోయింది. నీళ్ళు మళ్ళీ నల్లబడ్డాయి. అతని కాలివేళ్ళు గట్టుని పట్టుకుని ఉన్నాయి.

"దూకాల్సిందేనా?"

"దూకాల్సిందే."

"సాల్వోర్." అతని గొంతు ఎప్పుడూ లేనంత చిన్నదైపోయింది. దూరంగా ఉన్నవాళ్ళకి వినపడకూడదని కాదు. అంతకంటే పెద్దగా రాలేదు. "కింద ఎవరన్నా ఉంటారా?"

సాల్వోర్ అతని ముఖం వైపు చూసింది. అది వేళాకోళం కాదు.

"నేనుంటాను," అంది.

ఊపిరి పీల్చుకుని దిగింది. చెవులు మూసుకుపోయాయి. పైనున్న చప్పుళ్ళు ఒక్కొక్కటే ఆగిపోయి, పంపు మూలుగు ఒక్కటే మిగిలింది. అడుగున పాదాలు ఆనించి పైకి చూసింది. చాలా పైన, వణుకుతున్న వెలుతురులో, గట్టు అంచు మీద రెండు పెద్ద పాదాలు కనిపించాయి. ఆవిడ రెండు చేతులూ పైకెత్తి పట్టుకుంది.

వీపు వెనక నీళ్ళు చల్లబడ్డాయి. వేడినీటి కొలనులో అంత చలి ఎక్కణ్ణించి వచ్చిందో తెలియలేదు. తన పక్కన, కాస్త వెనగ్గా, ఎవరో తనలాగే నిలబడి పైకి చూస్తున్నట్టనిపించింది. ఒకరు కాదేమో. సాల్వోర్ తల తిప్పలేదు. చేతులు దించలేదు.

పైన ఆ పాదాలు అంచు వదిలాయి.